హెచ్‌-4 మీద అమెరికా వెళ్తే నా ఉద్యోగం సంగతేంటి? రిజైన్ చేసే ముందు ఐ-140 గురించి అడగండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. హైదరాబాద్‌లో ఒక మల్టీనేషనల్ కంపెనీలో ఆరేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నారు, ఇప్పుడు లీడ్. డాలస్‌లో హెచ్‌-1బీ మీద (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) మూడో ఏడు నడుస్తున్న అబ్బాయితో సంబంధం కుదిరింది. పెళ్లయితే మీరు వెళ్లేది హెచ్‌-4 మీద, అంటే ఆయన వీసాకి అనుబంధమైన డిపెండెంట్ వీసా మీద. "వచ్చిన కొన్ని నెలల్లో ఈఏడీ వచ్చేస్తుంది, నీ ఎక్స్‌పీరియన్స్‌కి జాబ్ ఈజీ" అని వాళ్లంటున్నారు. ఈఏడీ అంటే అమెరికాలో పని చేయడానికి ఇచ్చే అనుమతి కార్డు. రిజైన్ చేయొచ్చా అనేది ఒక ప్రశ్న. అసలు విదేశాలకు వెళ్లాక ఆడవాళ్లు ఉద్యోగాల్లోకి వస్తున్నారా, ఉన్న ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారా అనేది రెండోది.

మొదటిదానికి సూటిగా చెప్తాను. అబ్బాయికి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం ఆయన కంపెనీ వేసే పిటిషన్, అప్రూవ్ అయి ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ప్రాసెస్ ఆధారంగా ఆయన హెచ్‌-1బీ ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి. ఈ రెండిట్లో ఏదీ లేకపోతే హెచ్‌-4 మీద మీరు ఒక్క డాలరు కూడా సంపాదించడానికి వీల్లేదు. మీ డిగ్రీ, మీ ఆరేళ్ల అనుభవం ఈ లెక్కలోకే రావు. కాబట్టి ఆ కాగితం కళ్లతో చూసేదాకా రిజైన్ చేయకండి.

నేను లాయర్ని కాను. టెక్సాస్‌లో ఒక స్టాఫింగ్ కంపెనీలో చాలా ఏళ్లుగా రిక్రూటర్‌గా పనిచేస్తున్నాను, ఐటీ ఉద్యోగాలు చూస్తాను. అంతకుముందు నేనూ హెచ్‌-4 మీద వచ్చినదాన్నే. మీలాంటివాళ్ల రెజ్యూమెలు వారం వారం చూస్తుంటాను కాబట్టి ఆ అనుభవంతో రాస్తున్నాను.

"కొన్ని నెలల్లో వచ్చేస్తుంది" అనే మాటలో అబద్ధం ఉండకపోవచ్చు, సగం తెలియనితనం ఉంటుంది. హెచ్‌-4 వాళ్లకి పని అనుమతి ఇచ్చే నియమం 2015 మే 26న అమల్లోకి వచ్చింది. అంతకుముందు అసలు దారే లేదు. ఆ నియమం కూడా అందరికీ కాదు, పైన చెప్పిన రెండు రకాలవాళ్లకే. గ్రీన్ కార్డు చేతికి రావాల్సిన పనిలేదు, మనవాళ్లకి అది ఎలాగూ దశాబ్దాల క్యూ. ఐ-140 అప్రూవల్ చాలు. కానీ ఆ ఐ-140 వెయ్యాలంటే మామూలుగా ముందు కంపెనీ పర్మ్, అంటే ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని లేబర్ శాఖ దగ్గర తేల్చుకునే ప్రక్రియ, మొదలుపెట్టాలి. వేతన నిర్ధారణ, ప్రకటనలు, లేబర్ సర్టిఫికేషన్ అన్నీ కలిపి ఇప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు లాగుతోంది. ఐ-140కి ప్రీమియం కట్టి త్వరగా తేల్చుకోవచ్చు, పర్మ్‌కి ఆ సౌకర్యం లేదు. ఆ తర్వాత మీ ఈఏడీ కార్డు దరఖాస్తు. దానికీ ప్రీమియం లేదు, నెలలు పడుతుంది.

అంటే మూడో ఏడులో ఉన్న అబ్బాయికి ఇంకా పర్మ్ మొదలుకాకపోతే, మీరు వచ్చాక రెండేళ్లకు పైగా ఇంట్లో ఉండాల్సి రావచ్చు. ఐ-140 ఇప్పటికే వచ్చి ఉంటే మాత్రం వాళ్లు చెప్పిన "కొన్ని నెలలు" నిజమే. ఈ రెండిటికీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

మన సంబంధాల్లో ప్యాకేజీ అడుగుతారు, ఇల్లు కొన్నాడా అని అడుగుతారు, ఊళ్లో ఎకరాలు అడుగుతారు. ఐ-140 ఎప్పుడు అప్రూవ్ అయిందని మాత్రం ఎవరూ అడగరు. మొహమాటపడకుండా అడగండి. "పర్మ్ ఫైల్ చేశారా? ఐ-140 అప్రూవల్ నోటీస్ కాపీ పంపుతారా? మొదటి హెచ్‌-1బీ ఏ సంవత్సరం?" మూడే ప్రశ్నలు. మీ భవిష్యత్తు గురించి ఆలోచించే మనిషైతే ఆ రోజే వాట్సాప్‌లో పంపిస్తాడు. "లాయర్ చూసుకుంటాడు, నాకు తెలీదు" అంటే తెలుసుకుని చెప్పమనండి.

కంపెనీ మారితే ఏమవుతుందని కూడా చాలామంది అడుగుతారు. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటితే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా దాని ఆధారంగా హెచ్‌-1బీ పొడిగింపు, మీ ఈఏడీ రెండూ నడుస్తాయి. 180 రోజుల లోపు మారితే చిక్కు. ఈ సంగతి ఆయనకు కూడా తెలిసి ఉండాలి.

కార్డు వచ్చాక టెన్షన్ తీరిపోతుందనుకోకండి. ఈఏడీ మీద ఉన్న తేదీ మీ హెచ్‌-4 తేదీని దాటదు, అది ఆయన హెచ్‌-1బీ తేదీని దాటదు. ఆయన పొడిగింపు, మీ హెచ్‌-4 పొడిగింపు, మీ కార్డు, మూడూ గొలుసులా కదలాలి. మూడు దరఖాస్తులూ కలిపి ఒకేసారి తేల్చాలని కోర్టులో కుదిరిన ఒప్పందం 2025 జనవరిలో ముగిసిపోయింది. రెన్యువల్ సమయానికి వేస్తే పాత కార్డే కొంతకాలం చెల్లే వెసులుబాటు కూడా ఉండేది. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే దరఖాస్తులకు అదీ తీసేశారు.

ఇది కింద ఎలా ఉంటుందో చెప్తాను. నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పెట్టించిన అమ్మాయి, టీమ్‌లో అందరికంటే బాగా చేస్తుందని మేనేజరే నాతో అన్నాడు. కార్డు ఆఖరి రోజు వచ్చింది, కొత్తది రాలేదు. సాయంత్రం ఐదింటికి హెచ్‌ఆర్ ఆమె లాగిన్ ఆపేసింది. లాప్‌టాప్ పెట్టి పంపడానికి ఖాళీ పెట్టె, కొరియర్ లేబులు అప్పటికే ఆమె ఇంటికి చేరాయి. మేనేజర్ చెడ్డవాడు కాదు. గడువు తీరిన కార్డుతో ఒక్క రోజు పని చేయించినా కంపెనీ మీదకి వస్తుంది. కొందరిని జీతం లేని సెలవులో ఉంచుతారు, ఆమె విషయంలో ప్రాజెక్ట్ ఆగలేదు కాబట్టి వేరేవాళ్లని తీసుకున్నారు. రెన్యువల్ 180 రోజుల ముందు నుంచే వేయొచ్చు. వేయగలిగిన మొదటి రోజే వేయండి.

ఇంకోటి. ఆయన ఉద్యోగం పోతే ఆయనకి గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోపు వేరే స్పాన్సర్ దొరక్కపోతే మీ హెచ్‌-4 కూడా పోతుంది, దాంతోపాటు మీ ఉద్యోగమూ. మీ కంపెనీలో మీకు ప్రమోషన్ వచ్చిన నెలలోనే ఇది జరగొచ్చు. 2022 చివర్లో పెద్ద కంపెనీల లేఆఫ్‌లు మొదలైనప్పుడు మా చుట్టుపక్కల ఇళ్లలో ఈ గోల చాలా చూశాను.

మీ రెండో ప్రశ్నకి ఇక్కడే వస్తాను, ఎందుకంటే అసలు కిటుకు ఇందులోనే ఉంది. వలస వల్ల ఆడవాళ్ల ఉద్యోగాలు పెరుగుతాయా, తగ్గుతాయా అంటే వీసా ఎవరి పేరు మీద ఉందో చూడండి. కడప వైపు రాజంపేట, రాయచోటి నుంచి, ఇటు గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఉన్నారు. వాళ్లలో చాలామందికి పెద్ద చదువుల్లేవు. ఏజెంట్ల మోసాలు, పాస్‌పోర్ట్ లాక్కోవడాలు, సెలవు లేని పని, అన్నీ ఉన్నాయి, తేలిగ్గా తీసిపారేసే కష్టం కాదది. కానీ వీసా ఆమెదే, జీతమూ ఆమెదే. ఊళ్లో ఇల్లు కట్టింది ఆ డబ్బే. కేరళ నర్సుల్ని చూడండి, చాలా ఇళ్లలో ఆమె ముందు వెళ్తుంది, భర్త డిపెండెంట్‌గా వెనక వెళ్తాడు. అక్కడ ఉద్యోగం వెతుక్కునే బాధ భర్తది. ఇటు డాలస్‌లో ఎంటెక్ చదివిన అమ్మాయి ఫ్రిస్కో అపార్ట్‌మెంట్‌లో సొంత సంపాదన లేకుండా కూర్చుంటుంది. హెచ్‌-4 ఈఏడీ మొదలైన తొలి ఏళ్లలో కార్డులు పొందినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా మనదేశంలో పుట్టినవాళ్లే, దాదాపు అందరూ ఆడవాళ్లే. అన్ని ఏళ్లు తలుపు దగ్గర ఆగిపోయింది ఎవరో దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికాలోనే వీసా అక్షరం మారితే కథ మారుతుంది. కంపెనీ బదిలీ మీద, అంటే ఎల్‌-1 మీద, వచ్చినవాళ్ల భార్య లేదా భర్తకి ఐ-94 (దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు) మీద ఎల్‌-2ఎస్ అని ఉంటే చాలు, వేరే కార్డు లేకుండానే పని చేయొచ్చు. 2021 నవంబర్‌లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత వచ్చిన మార్పు అది. ఒకే బ్యాచ్, ఒకే కాలేజీ స్నేహితురాళ్లిద్దరు నా దగ్గరికి వచ్చారు. ఎల్‌-2 అమ్మాయి వచ్చిన మూడో నెలలో ఉద్యోగంలో చేరింది. హెచ్‌-4 అమ్మాయి చేరేసరికి ఆమె బాబు ప్రీస్కూల్‌కి వెళ్తున్నాడు. మార్కులు ఎక్కువ వచ్చింది రెండో అమ్మాయికే.

వేరే దేశాల సంగతి త్వరగా చెప్పేస్తాను. జర్మనీలో బ్లూ కార్డు (నిపుణులకిచ్చే వర్క్ పర్మిట్) వాళ్ల జీవిత భాగస్వామికి ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉంది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్లు పని చేయొచ్చు, కానీ కేర్ వర్కర్లు కుటుంబాన్ని తీసుకెళ్లడానికి 2024 మార్చి నుంచి వీల్లేదు. కెనడా 2025 జనవరి 21 నుంచి బిగించింది, భర్త లేదా భార్య చేసే ఉద్యోగం ఏ స్థాయిదో, చదివే కోర్సు ఏదో చూసి గానీ జీవిత భాగస్వామికి పని అనుమతి ఇవ్వడం లేదు.

సరే, మళ్లీ మీ దగ్గరికి. మీ చేతిలో ఉన్న మంచి దారి మీ కంపెనీయే. మల్టీనేషనల్ అన్నారు కదా. గత మూడేళ్లలో కనీసం ఏడాది ఆ కంపెనీకి విదేశంలో, అంటే ఇండియాలో, ఆగకుండా పనిచేసినవాళ్లని అమెరికా ఆఫీసుకి ఎల్‌-1 మీద పంపొచ్చు. మీకు ఆ అర్హత ఉంది. లీడ్ స్థాయిలో, కంపెనీ పనిలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాళ్లకిచ్చే ఎల్‌-1బీ అడగొచ్చు. అందరికీ ఇవ్వరు, కంపెనీకి అవసరం ఉండాలి, కాన్సులేట్‌లో ప్రశ్నలు గట్టిగా ఉంటాయి. కానీ అడగడానికి ఖర్చు లేదు. వస్తే మీరు మీ వీసా మీదే దిగుతారు, మొదటి నెల నుంచే జీతం.

రెండో దారి, మీ సొంత హెచ్‌-1బీ. హెచ్‌-4 మీద గడిపిన కాలం మీ హెచ్‌-1బీ ఆరేళ్ల లెక్కలో పడదు. మార్చిలో లాటరీ, ఏడాదికి 85,000 వీసాలు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు ఉత్తర్వు చూసి అందరూ భయపడ్డారు. అమెరికాలోనే ఉండి హెచ్‌-4 నుంచి హెచ్‌-1బీకి స్టేటస్ మార్చుకునేవాళ్లకి ఆ ఫీజు వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ అక్టోబర్‌లో వివరణ ఇచ్చింది. అంటే ఇక్కడున్న హెచ్‌-4 అభ్యర్థి కంపెనీలకి ఇండియాలో ఉన్న అభ్యర్థి కంటే చౌక. యూనివర్సిటీలు, వాటి ఆసుపత్రులు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకైతే లాటరీయే లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయొచ్చు. మనవాళ్లు వీటివైపు చూడరు. జీతం కొంచెం తక్కువ, కానీ టెస్టింగ్, డేటా ఉద్యోగాలు అక్కడా ఉంటాయి.

హైదరాబాద్ ఉద్యోగాన్నే అమెరికా నుంచి రిమోట్‌గా చేస్తానంటారా? రూపాయల్లో జీతం, ఇండియా ఖాతాలో పడుతుంది, ఎవరికి తెలుస్తుందని అనుకుంటారు. మీరు కూర్చుని పని చేస్తున్న చోటు అమెరికా. నాకు తెలిసిన లాయర్లందరూ వద్దనే చెప్తారు. పైగా మీ కంపెనీకి పన్నుల తలనొప్పి, తెలిస్తే వాళ్లే ఒప్పుకోరు.

ఇక ఎవరూ గట్టిగా చెప్పని విషయం. కార్డు లేని ఏళ్లలో మన ఆడవాళ్లు ఊరికే కూర్చోరు. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూసినా శుక్రవారం మధ్యాహ్నానికి ఆర్డర్లు మొదలవుతాయి. గోంగూర పచ్చడి సీసా ఇంత, సున్నుండలు పౌనుకి ఇంత, పదిమందికి పులిహోర ట్రే, బ్లౌజ్ మగ్గం వర్క్, మెహందీ, కూచిపూడి క్లాసులు. డబ్బు జెల్ అనే పేమెంట్ యాప్‌లో, ఎక్కువగా భర్త నంబరుకి. ఈ కష్టం ఎంతో నాకు తెలుసు, ఆ వంట తినే శనివారాలు గడిపినదాన్ని. కానీ ఇదీ సంపాదనే. ఇంట్లో చేసిన కొన్ని తినుబండారాలు షరతులతో అమ్ముకోవచ్చని టెక్సాస్ చట్టం అంటుంది, దాన్ని చూపించి ధైర్యం చెప్పేవాళ్లుంటారు. అది తిండికి సంబంధించిన రాష్ట్ర చట్టం. పని చేసే హక్కు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం, ఆ హక్కు మీకు ఇంకా లేదు. రేపు గ్రీన్ కార్డు దరఖాస్తులో "అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా" అనే ప్రశ్నకి సమాధానం రాయాల్సింది మీరే.

దీనికంటే ప్రమాదం కన్సల్టెన్సీల రెజ్యూమెలు. ఇది నా టేబుల్ మీద చూసే సంగతి కాబట్టి వివరంగా చెప్తాను. గ్యాప్ కనబడకూడదని, ఆ ఖాళీ ఏళ్లలో షార్లెట్‌లోనో అట్లాంటాలోనో ఏదో బ్యాంకులో ప్రాజెక్ట్ చేసినట్టు రాసి పంపుతారు. కార్డు మీద మొదలయ్యే తేదీ ఒకటి ఉంటుంది. రెజ్యూమెలో ఉద్యోగం అంతకు రెండేళ్ల ముందే మొదలవుతుంది. ఆ కాగితం నిజమైతే ఆ అమ్మాయి అనుమతి లేకుండా పని చేసినట్టు, అబద్ధమైతే మోసం చేసినట్టు. ఎటు చూసినా ఆమెకే చుట్టుకుంటుంది. కన్సల్టెన్సీవాడు ఫోన్ ఎత్తడు. మీకు ఆరేళ్ల అసలైన అనుభవం ఉంది, దాన్ని తీసుకొచ్చి ఈ బురదలో కలపొద్దు. "2026–2028, డిపెండెంట్ వీసా, పని అనుమతి లేదు" అని ఒక్క లైన్ రాస్తే చాలు. డాలస్‌లో రిక్రూటర్లకి ఆ లైన్ అర్థమవుతుంది, మాకు కొత్త కాదు.

ఆ ఏళ్లలో చట్టప్రకారం ఏం చేయొచ్చు? చదువుకోవచ్చు, హెచ్‌-4 మీదే కాలేజీలో చేరొచ్చు. చదివాక ఓపీటీ (చదువు తర్వాత కొంతకాలం పని చేసే అనుమతి) మీద పని కావాలంటే మాత్రం స్టూడెంట్ వీసా అయిన ఎఫ్‌-1కి మారాలి, ఫీజులు బాగా లెక్క వేసుకోండి. సర్టిఫికేషన్లు చేయొచ్చు. లైబ్రరీలో, బడిలో, లాభాపేక్ష లేని సంస్థల్లో వలంటీర్‌గా ఉండొచ్చు, ఇంగ్లిష్ మాట్లాడే అలవాటు పోకుండా ఉంటుంది. కంపెనీలో "జీతం లేకుండా ఎక్స్‌పీరియన్స్ కోసం చేస్తాను" అంటే అది వలంటీరింగ్ కిందకి రాదు, అటువైపు వెళ్లకండి. టెస్టింగ్‌లో అయితే చేతితో చేసే టెస్టింగ్‌కి ఇక్కడ గిరాకీ పడిపోయింది. ఆటోమేషన్ స్క్రిప్టులు రాసి గిట్‌హబ్‌లో పెడుతూ ఉండండి. ఇంటర్వ్యూలో చూపించడానికి తేదీలతో సహా ఏదో ఒకటి ఉంటుంది.

వీసా ఒక్కటే అడ్డం అనుకోకండి. కార్డు వచ్చాక కూడా చేరనివాళ్లు నాకు చాలామంది తెలుసు. నెలల బిడ్డకి డే కేర్ నెలకి పదిహేను వందల డాలర్లు దాటడం ఇక్కడ మామూలే. మొదటి కాంట్రాక్ట్ జీతంలోంచి పన్ను, డే కేర్, రెండో కారు తీసేస్తే మిగిలేది చూసి "దీనికోసం ఎందుకు" అంటారు ఇంట్లో. ఆ లెక్క తప్పు. డే కేర్ ఖర్చుని ఎప్పుడూ ఆమె జీతంలోంచే ఎందుకు తీస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, బిడ్డ ఇద్దరిదీ కదా. పైగా మూడేళ్ల తర్వాత బిడ్డ బడికి పోతుంది, ఆమె జీతం పెరిగి ఉంటుంది. మనవాళ్లలో ఎక్కువ ఇళ్లు నడిచేది మాత్రం అమ్మమ్మ ఆరు నెలలు, నానమ్మ ఆరు నెలల మీద. విజిటర్ వీసా మీద ఆరు నెలలుండి వెళ్లే ఆ పెద్దవాళ్ల వల్లే ఎంతమంది కోడళ్లు ఉద్యోగాలు నిలబెట్టుకున్నారో. వాళ్ల మోకాళ్లు, వాళ్ల బీపీ మాత్రలు, ఇక్కడి చలి, అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. పెళ్లికి ముందే ఆయనతో ఈ మాట కూడా మాట్లాడండి. వంట ఎవరు, డే కేర్ నుంచి తెచ్చేది ఎవరు, తన స్టాండప్ మీటింగ్ ఎన్నింటికి. ప్రేమగా మాట్లాడేవాళ్లందరూ పంచుకునేవాళ్లు కారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంట్లో హింస ఉండి, భర్త వీసా చూపించి బెదిరిస్తుంటే, అలాంటి హెచ్‌-4 భార్యలు భర్త సహకారం లేకుండానే పని అనుమతికి దరఖాస్తు చేసుకునే ప్రత్యేక వీలు చట్టంలో ఉంది, దాని ఫారం ఐ-765వి. మీకు అవసరం రాకూడదు. చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాశాను.

ఇప్పుడు మీరు చేయాల్సిన వరుస చెప్తాను. ఈ వారం ఆ మూడు ప్రశ్నలూ అబ్బాయిని అడగండి. ఐ-140 వచ్చి ఉంటే పెళ్లి, హెచ్‌-4 స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం), ఈఏడీ కార్డు దరఖాస్తు మామూలుగా చేసుకోండి, ఆ కొన్ని నెలలకు చేతిలో డబ్బు ఉంచుకోండి. రాకపోతే మీ మేనేజర్‌తో ఎల్‌-1 సంగతి మాట్లాడండి. అది కుదరదంటే దీర్ఘకాలిక సెలవు ఉందేమో చూడండి, కొన్ని కంపెనీల్లో జీతం లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఇస్తారు. పెళ్లి చేసుకుని, ఆయన ఐ-140 వచ్చేదాకా మీరు హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేస్తూ మధ్యమధ్యలో వెళ్లి రావడం కూడా ఒక పద్ధతే. బంధువులు నాలుగు మాటలంటారు. నాకు తెలిసి అలా చేసినవాళ్లలో ఒకావిడ ఆ రెండేళ్లలో ఇండియాలోనే మేనేజర్ అయి, తర్వాత కంపెనీ బదిలీ మీదే వచ్చింది. పీఎఫ్ మాత్రం అప్పుడే తీసేయొద్దు. నోటీస్ పీరియడ్ మూడు నెలలుంటే స్టాంపింగ్ స్లాట్ దొరికాకే పేపర్ పెట్టండి, వీసా ఇంటర్వ్యూ తేదీలు వెనక్కి జరగడం ఇప్పుడు మామూలైపోయింది.